ఒక బిట్టు, నాలుగు సంవత్సరాలు

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు చరిత్ర చెప్పడం నా పని. ఆదివారం టెస్టు, సోమవారం పొద్దున గోడ మీద కీ, సాయంత్రానికి అబ్జెక్షన్లు. వారం వారం ఇదే తంతు.

రెండేళ్ల కిందట ఒక టెస్టులో 34వ బిట్టు ఇలా ఇచ్చాను. "ఇస్లాం ఏ సంవత్సరంలో ఆవిర్భవించింది? ఎ) 570 బి) 610 సి) 622 డి) 632." పాత బిట్ బ్యాంకులోంచి ఎత్తి పెట్టిన ప్రశ్న. అందులో జవాబు 'సి' అని ఉంది, నేనూ 'సి' అనే పెట్టేశాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదని ఒప్పుకోవాలి.

సాయంత్రం రెండు అబ్జెక్షన్లు వచ్చాయి. ఒక కుర్రాడు పుస్తకంలో వేలు పెట్టుకుని వచ్చి 610 అన్నాడు. హిరా గుహలో మొదటి దివ్యవాక్యం దిగింది ఆ ఏడే కదా సార్, మతం పుట్టింది అప్పుడు కాక ఇంకెప్పుడు అని. వాడి మాటలో న్యాయం ఉంది. రెండో అబ్జెక్షన్ రాయచోటి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయిది. ఆ అమ్మాయి ఆప్షన్ల జోలికే పోలేదు. "ప్రశ్నే తప్పు సార్. ఆవిర్భవించడం ఏముంది? మా లెక్కలో మొదటి మనిషి ఆదం అలైహిస్సలాం నుంచీ ఉన్నదే. మహమ్మద్ ప్రవక్త స్థాపకులు కాదు సార్, ఆఖరి ప్రవక్త" అంది. పోతూ పోతూ "మార్కు కోసం కాదు సార్" అని కూడా అంది. మార్కు కోసమైతే ఒక మార్కు కలిపి బయటపడొచ్చు. మార్కు కోసం కాదన్నవాళ్లతోనే టెన్షన్.

ముందు ఆ అమ్మాయి మాటే తీసుకుంటాను, ఎందుకంటే నమ్మకం వైపు నుంచి చూస్తే ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లూ సరి. ఇస్లాం అంటే దేవుడికి తనను తాను అప్పగించుకోవడం. అలా అప్పగించుకున్నవాడు ఇబ్రాహీం అయినా, మూసా అయినా, ఈసా అయినా ముస్లిమే. బైబిల్లోని అబ్రహాము, మోషే, యేసు వీళ్లే. ఈసా తల్లి మర్యం పేరు మీద ఖురాన్లో ఏకంగా ఒక సూరా (అధ్యాయం) ఉంది, పంతొమ్మిదోది. కొత్త మతం తెస్తున్నానని ఆ గ్రంథం ఎక్కడా అనదు, చెడిపోయిన పాతదాన్ని సరిచేస్తున్నానంటుంది. దానికి వెన్నెముక తౌహీద్, అంటే దేవుడు ఒక్కడే అన్న మాట. 112వ సూరా దాన్ని నాలుగే వాక్యాల్లో తేల్చేస్తుంది: ఆయన ఒక్కడు, ఎవరి మీదా ఆధారపడనివాడు, ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి లేదు. దీని తర్వాత ప్రళయదినం. చచ్చినవాళ్లంతా లేచి, చేసినదానికి లెక్క చెప్పాల్సిన రోజు. ఇక కలిమా (విశ్వాస వాక్యం), నమాజు, రోజా (ఉపవాసం), జకాతు (దానం), హజ్ (మక్కా యాత్ర) అనే అయిదు విధులూ మా పిల్లలకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. జకాతు శాతం కూడా వచ్చు: ఒక హద్దు దాటిన సొమ్ము ఏడాదిపాటు చేతిలో ఉంటే అందులో రెండున్నర శాతం. కాబట్టి అక్కడ ఆగను.

ఇది నమ్మకం సంగతి. చరిత్ర పేపర్లో అడిగేది వేరు: అరేబియాలో ఈ జనం, ఈ పేరుతో, ఒక జట్టుగా ఎప్పుడు కనబడ్డారు? దానికి నా జవాబు ఇప్పటికీ 622. కాకపోతే ఆ రోజు కారణం తెలియకుండా టిక్కు పెట్టాను. ఇప్పుడు కారణం చెప్పగలను.

570 గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అది ప్రవక్త పుట్టినట్టు చెప్పే ఏడు, అదీ ఉజ్జాయింపుగా. నాలుగు ఆప్షన్లు నింపాలి కాబట్టి పెట్టారు. కానీ అక్కడున్న ఒక సంగతి తర్వాత పనికొస్తుంది. ఆయన పుట్టకముందే తండ్రి అబ్దుల్లా పోయాడు, ఆరేళ్లకు తల్లి ఆమినా పోయింది, తర్వాత తాత పోయాడు. పెదనాన్న అబూ తాలిబ్ పెంచాడు. ఆ కాలపు మక్కాలో పోలీసు లేడు, కోర్టు లేదు, రాజు లేడు. మనిషికి ఉన్న ఒకే ఒక్క రక్షణ అతని వంశం. నిన్ను ఎవరైనా చంపితే నీ వాళ్లు పగ తీర్చుకుంటారన్న భయమే నిన్ను బతికిస్తుంది. మన పల్లెల్లో కొత్త మనిషి కనబడితే "ఎవరి తాలూకు?" అని అడుగుతాం చూడండి, అక్కడ ఆ ప్రశ్నకు జవాబు లేనివాడి ప్రాణానికి విలువ లేదు.

610కి వద్దాం. నలభై ఏళ్ల వ్యాపారి, ధనవంతురాలైన ఖదీజా భర్త, మక్కా బయట కొండ గుహలో ఒంటరిగా కూర్చుని ధ్యానం చేసుకునే అలవాటున్నవాడు, ఒక రాత్రి "చదువు" అన్న ఆజ్ఞ విన్నాడు. వణుకుతూ ఇంటికొచ్చి దుప్పటి కప్పమన్నాడు. ఆయన్ని మొదట నమ్మింది ఖదీజాయే. ప్రపంచ మతాల చరిత్రలో ఇంత ఇంటి వాసన ఉన్న ఘట్టాలు ఎక్కువ లేవు. మా కుర్రాడు 610 అన్నందుకు నాకు అందుకే కోపం రాలేదు.

అయితే, ఒక్కడే దేవుడన్న మాట ఆ నేలకు కొత్త కాదు. యస్రిబ్‌లో (తర్వాతి మదీనా) యూదులున్నారు, నజ్రాన్‌లో క్రైస్తవులున్నారు. అల్లాహ్ అన్న పేరు మక్కావాళ్లకూ తెలుసు. ప్రవక్త తండ్రి పేరు అబ్దుల్లా, అంటే అల్లాహ్ దాసుడు. మరి మక్కాలో పెత్తనం చేసే ఖురైషీ తెగవాళ్లకు అంత కోపం ఎందుకొచ్చింది? కాబా చుట్టూ జరిగే వ్యాపారం దెబ్బతింటుందని పుస్తకాల్లో రాస్తారు, అది కొంత నిజమే. కానీ వాళ్ల జవాబును ఖురాన్ పదే పదే చెబుతుంది: మా తాతముత్తాతలను ఏ దారిలో చూశామో ఆ దారిలోనే నడుస్తాం. మరణించిన మీ తాతలు తప్పు దారిలో ఉన్నారు అని ఒక మనిషి వీధిలో నిలబడి అంటున్నాడు. వంశమే సర్వస్వమైన చోట అంతకు మించిన తిట్టు లేదు. బిలాల్ అనే హబ్షీ (అబిసీనియా) బానిసను మండుటెండలో ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద రాయి పెట్టారు. సుమయ్యా అనే ఆవిణ్ని పొడిచి చంపారు. అడ్డుపడే వంశం లేనివాళ్ల మీదే దెబ్బలు పడ్డాయని గమనించండి.

ప్రవక్తను మాత్రం చంపే తెగువ ఎవరూ చేయలేదు, దాదాపు పదేళ్లపాటు. అబూ తాలిబ్ ఉన్నాడు కాబట్టి. సున్నీ కథనం ప్రకారం ఆయన చివరిదాకా కలిమా చదవలేదు (షియాలు ఒప్పుకోరు, ఆ తగువులోకి నేను పోను). నమ్మినా నమ్మకపోయినా తమ్ముడి కొడుకును అప్పగించనన్నాడు. మక్కావాళ్లు ప్రవక్త పుట్టిన హాషిం వంశం మొత్తాన్నీ వెలివేశారు. వాళ్లకు పిల్లనివ్వరు, వాళ్లకు సరుకు అమ్మరు. ఆ వెలి రెండు మూడేళ్లు నడిచింది. వాళ్లు తలదాచుకున్న లోయలో ఆకలితో ఉన్నవాళ్లలో ఇస్లామును నమ్మనివాళ్లు కూడా ఉన్నారు. కేవలం రక్తసంబంధం కోసం పస్తులున్నారు.

619లో ఖదీజా, అబూ తాలిబ్ ఇద్దరూ పోయారు. వంశానికి పెద్దగా వచ్చిన అబూ లహబ్, అబూ తాలిబ్ తమ్ముడే, రక్షణ తీసేశాడు. ప్రవక్త తాయిఫ్ ఊరికి వెళ్తే అక్కడి పిల్లలు రాళ్లతో కొట్టి తరిమారు. తిరిగి మక్కాలో అడుగుపెట్టాలంటే ఎవరో ఒకరు పూచీ ఉండాలి. ముత్‌ఇమ్ బిన్ అదీ అనే పెద్దమనిషి తన కొడుకులకు కత్తులిచ్చి కాపలా పెట్టి లోపలికి తెచ్చాడు. ఈయన విగ్రహారాధకుడు. ఒక్కడే దేవుడని చెప్పే మనిషి ప్రాణం ఒక విగ్రహారాధకుడి మాట మీద నిలబడింది. 610 నుంచి ఇప్పటిదాకా ఉన్నది ఒక సందేశం, దాన్ని నమ్మిన కొద్దిమంది. వాళ్లకంటూ నిలబడడానికి జాగా లేదు.

622లో మారింది ఇదే. యస్రిబ్‌లో ఔస్, ఖజ్‌రజ్ అనే రెండు తెగలు తరాల తరబడి కొట్టుకుని అలసిపోయి, బయటి మనిషి ఒకరు వచ్చి తీర్పు చెబితే బాగుండనుకుంటున్నాయి. రెండుసార్లు మనుషులు వచ్చి మాటిచ్చి వెళ్లారు. ఈలోగా మక్కావాళ్లు వేసిన పథకం, సంప్రదాయ కథనం ప్రకారం, చాలా తెలివైనది. ఒక్కో వంశం నుంచి ఒక్కో కుర్రాణ్ని తీసుకుని అందరూ ఒకేసారి పొడవాలి. అప్పుడు హత్యాదోషం అన్ని వంశాలకూ పంచబడుతుంది, హాషిం వంశం అందరి మీదా పగ తీర్చుకోలేదు. వంశాల లెక్క తెలిసినవాడి బుర్రలోంచి తప్ప ఇలాంటి ఆలోచన రాదు. ఆ రాత్రి ప్రవక్త పరుపు మీద ఆయన బదులు అబూ తాలిబ్ కొడుకు అలీ పడుకున్నాడు. ప్రవక్త, ఆయన సహచరుడు అబూ బక్ర్ మూడు రోజులు సౌర్ గుహలో దాక్కుని ఎడారి దారి పట్టారు. దారి చూపించినవాడు కూడా ముస్లిం కాదు, కూలికి కుదుర్చుకున్న ఒక విగ్రహారాధకుడు.

యస్రిబ్ మదీనా అయింది. వచ్చినవాళ్లు ముహాజిర్లు, ఆశ్రయమిచ్చినవాళ్లు అన్సార్లు. ప్రవక్త చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఒక్కో ముహాజిరుకు ఒక్కో అన్సారును అన్నదమ్ముడిగా జత కట్టడం. సాద్ బిన్ రబీ అనే మదీనా ధనవంతుడికి అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ అన్నదమ్ముడయ్యాడు. నా ఆస్తిలో సగం తీసుకో అన్నాడు సాద్. నాకు ఇద్దరు భార్యలు, ఒకరికి విడాకులిస్తాను, నువ్వు పెళ్లాడు అని కూడా అన్నాడు. (ఈ ముక్క క్లాసులో చెప్పను. ఆవిడ ఏమందో కథలో లేదు.) అబ్దుర్రహ్మాన్ మర్యాదగా వద్దని, "మీ బజారు ఎటో చూపించు చాలు" అన్నాడు. సాయంత్రానికి కాస్త ఎండబెట్టిన పెరుగుముద్ద, కాస్త నెయ్యి లాభం మిగుల్చుకుని వచ్చాడు. తర్వాత ఆయన మదీనా ధనవంతుల్లో ఒకడయ్యాడు.

మొదట్లో ఈ అన్నదమ్ములు ఒకరి ఆస్తికి ఒకరు వారసులు కూడా. ఇది మామూలు మాట కాదు. మన ఇళ్లల్లో ఎంత ప్రాణస్నేహితుడికైనా పొలం రాసిస్తామంటే సొంత తమ్ముడు ఊరుకుంటాడా? రెండేళ్లకు, 624లో, బద్ర్ యుద్ధం. ముస్లింలు మూడు వందల పైచిలుకు, మక్కావాళ్లు వెయ్యికి కాస్త అటూ ఇటూ. అబూ బక్ర్ ఈ వైపు, ఆయన కొడుకు ఆ వైపు. ముస్లింల వైపున్న ముస్అబ్ బిన్ ఉమైర్ సొంత అన్నదమ్ముడు ఒక అన్సారు చేతికి ఖైదీగా చిక్కాడు. ముస్అబ్ అటుగా పోతూ, "గట్టిగా కట్టు, వాళ్లమ్మ డబ్బున్న మనిషి, బాగా ఇస్తుంది" అన్నాడట. వాళ్లమ్మ అంటే తన తల్లే. ఖైదీ నివ్వెరపోయి, అన్నదమ్ముడి గురించి ఇదా నువ్వు చెప్పేది అంటే, "నువ్వు కాదు, నిన్ను కడుతున్నాడే, వాడు నా అన్నదమ్ముడు" అన్నాడు. క్లాసులో ఈ మాట చెప్పగానే ఎప్పుడూ ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. గొప్పగా ఉంటుంది, భయంగానూ ఉంటుంది. నాకైతే రెండూ కలిపే వినబడుతుంది.

కొత్త జట్టులో చోటు దొరకనివాళ్ల సంగతీ చెప్పాలి. మదీనా ఒప్పందపత్రంలో యూదులను విశ్వాసులతో కలిపి ఒకే సముదాయంగా లెక్కించారు, వాళ్ల మతం వాళ్లది, వీళ్ల మతం వీళ్లది అని రాసుకున్నారు. అయిదేళ్లు తిరగకముందే ఖైనుఖా, నజీర్ తెగలను ఊరు దాటించారు. 627లో ఖురైజా తెగ మగవాళ్లను, శత్రువులతో చేతులు కలిపారన్న అభియోగం మీద, చంపేశారు. దీన్ని దాచి చెప్పేవాళ్లూ ఉన్నారు, ఇదొక్కటే చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి నోట్సూ నేను పిల్లలకు ఇవ్వను.

ఇప్పుడు నా 'సి'కి అసలు సాక్ష్యం. ప్రవక్త పోయిన ఆరేడేళ్లకు, ఉమర్ ఖలీఫాగా ఉన్నప్పుడు, బస్రా గవర్నరు అబూ మూసా ఒక ఫిర్యాదు పంపాడని చరిత్రకారులు రాశారు: మీ ఉత్తరాల మీద సంవత్సరం ఉండటం లేదు, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు అని. ఇంకో కథనంలో, ఒక పత్రం మీద 'షాబాన్' అని నెల పేరు మాత్రమే ఉంటే, ఏ షాబాన్, పోయినదా వచ్చేదా అని ఉమర్ అడిగాడట. సరే, లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడదాం? ప్రవక్త జననం నుంచి అన్నారు కొందరు, దివ్యవాక్యం దిగిన ఏటి నుంచి అన్నారు కొందరు, వలస నుంచి అని కొందరు, మరణం నుంచి అని కొందరు. మళ్లీ చదవండి. 570, 610, 622, 632. నా 34వ బిట్టులోని నాలుగు ఆప్షన్లూ అవే! మదీనాలో పెద్దలు కూర్చుని చర్చించి, 622 కీలో పెట్టారు. పుట్టుకను కాదని, చావును కాదని, చివరికి ఖురాన్ మొదలైన రాత్రిని కూడా కాదని, ఊరొదిలి వచ్చిన ఏడును ఒకటో ఏడు అన్నారు.

ఇలాంటి కథనాలన్నీ వంద, రెండు వందల ఏళ్ల తర్వాత పుస్తకాలకెక్కినవే, ఎలా నమ్మాలి అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా వియన్నా గ్రంథాలయంలో ఒక పపైరస్ ముక్క ఉంది. ఈజిప్టులో దొరికింది. 643 ఏప్రిల్‌లో రాసిన రసీదు, గ్రీకులోనూ అరబ్బీలోనూ. అబ్దుల్లా బిన్ జాబిర్ అనే సేనాని తన సైన్యానికి తిండి కోసం 65 గొర్రెలు ముట్టినట్టు రాసిచ్చిన చీటీ అది. మొదట బిస్మిల్లా, అంటే దేవుడి పేరుతో అని. చివర తేదీ: జుమాదల్ ఊలా నెల, సంవత్సరం ఇరవై రెండు. ఏ శకమో రాయలేదు, ఎవరూ అడగరన్న ధీమా. వెనకవైపు గ్రీకులో ఆ గొర్రెలు ఎవరికిచ్చారో ఉంది: 'మగరిటాయ్'లకు. ముహాజిర్ అన్న మాటే గ్రీకు నోట్లో అలా నలిగిందని పండితులు తేల్చారు. గొర్రెలిచ్చిన ఈజిప్టువాడికి ఆ వచ్చినవాళ్లు ముస్లింలుగా తెలియదు, వలస వచ్చినవాళ్లుగా తెలుసు. గొర్రెల లెక్క రాసుకునేవాడికి మతప్రచారం అవసరం లేదు కదా, అందుకే నాకు ఈ చీటీ మీద అంత గురి.

632ను డిస్ట్రాక్టర్ (దారి తప్పించే ఆప్షన్) అని కొట్టేయొచ్చు గానీ, నా వాదనకు అదే ఎదురుదెబ్బ. జత కట్టిన అన్నదమ్ముల వారసత్వాన్ని బద్ర్ తర్వాత ఖురానే రద్దుచేసి రక్తబంధువులకు తిరిగి ఇచ్చింది. ప్రవక్త కన్నుమూసిన రోజున అన్సార్లు ఒక పందిరి కింద చేరి నాయకుణ్ని ఎన్నుకోబోతే, అరబ్బులు ఖురైషీ వంశస్థుణ్ని తప్ప ఇంకెవరినీ ఒప్పుకోరని అబూ బక్ర్ వాదించి గెలిచాడు. కాదు, ప్రవక్త ఇంటివాడైన అలీకే దక్కాలన్నవాళ్లు తర్వాత షియాలయ్యారు. రెండు వైపులా మాట్లాడింది వంశం గురించే. 680లో ప్రవక్త మనవడు హుస్సేన్‌ను కర్బలాలో చంపించింది అదే ఖురైష్‌కు చెందిన ఉమయ్యా వంశపు పాలన. మా ఊళ్లో పీర్ల పండక్కి గుండం చుట్టూ ఎగిరేవాళ్లలో సగం మందికి ఈ వరసలు తెలియవు, పీరును ఎత్తుకునే ఇంటికి మాత్రం ఆ హక్కు తాతల నుంచి వస్తోంది.

వ్యాప్తి గురించి క్లాసులో ఎప్పుడూ అడిగేది ఒకటే: కత్తితోనా, శాంతితోనా? ప్రశ్న రెండు వేర్వేరు విషయాలను ఒకటి చేసేస్తోంది. రాజ్యం కత్తితోనే పెరిగింది, ఇందులో దాపరికం అనవసరం. తూర్పు రోము చక్రవర్తులూ పర్షియా సాసానీ రాజులూ 602 నుంచి 628 దాకా పాతికేళ్లకు పైగా కొట్టుకుని చితికిపోయి ఉన్నారు. 636లో యర్మూక్ దగ్గర సిరియా పోయింది, 642కల్లా ఈజిప్టు పోయింది, 651లో ఆఖరి సాసానీ రాజు మెర్వ్ దగ్గర హతమయ్యాడు. 711కి ఒక చివర సింధు, ఇంకో చివర స్పెయిన్. ప్రవక్త పోయి ఇంకా ఎనభై ఏళ్లే.

మతం మాత్రం ఆ గుర్రాల వెంట పరుగెత్తలేదు. అరబ్బు సైన్యం బస్రా, కూఫా, ఫుస్తాత్ లాంటి దండు ఊళ్లలో విడిగా కూర్చుంది, జనం తమ మతాల్లో తాముండి జిజియా అనే పన్ను కట్టారు. జనం మతం మారితే ఖజానాకు నష్టం. పైగా మారాలనుకున్న పర్షియావాడు ఏదో ఒక అరబ్బు తెగ పంచన 'మవాలీ'గా, అంటే ఆ తెగకు ఆశ్రితుడిగా (మన రౌడీ మవాలీ కాదు), చేరాల్సి వచ్చేది. మదీనాలో వంశాన్ని వదులుకుంటే ముస్లిం అయ్యేవారు, కూఫాలో ముస్లిం కావాలంటే ఒక వంశాన్ని తగిలించుకోవాలి. ఇరాక్ గవర్నరు హజ్జాజ్ మతం మారి పట్నం చేరిన రైతులను మళ్లీ పల్లెలకు తరిమి, వాళ్ల చేతే జిజియా కట్టించాడు. 717లో ఖలీఫాగా వచ్చిన రెండో ఉమర్ ఇది తప్పని ఆపించాడు. దేవుడు ప్రవక్తను దారి చూపడానికి పంపాడు గానీ పన్ను వసూలుకు కాదు అన్నాడని చెబుతారు. ఆయన మూడేళ్లే ఉన్నాడు. 750లో ఉమయ్యాలను కూలదోసిన తిరుగుబాటు తూర్పు ఇరాన్ వైపు ఖురాసాన్‌లో రాజుకోవడానికి ఈ మవాలీల కడుపుమంట కూడా కారణం. ఇరాన్‌లో, ఈజిప్టులో ముస్లింలు ఎక్కువమంది కావడానికి తరాలు, శతాబ్దాలు పట్టింది. ఇండోనేషియాకైతే అరబ్బు సైన్యమే వెళ్లలేదు, ఇవాళ ప్రపంచంలో అతి పెద్ద ముస్లిం జనాభాల్లో ఒకటి అక్కడుంది.

ఇదంతా ఆ సోమవారం నాకు తెలియదు. 34వ బిట్టును డిలీట్ చేసి అందరికీ ఒక మార్కు కలిపాను. అసలు జవాబే పెట్టని నలుగురు భలే సంతోషించారు. 610 కుర్రాడు అలిగాడు.

మరుసటి ఏడు ప్రశ్న మార్చాను. ఈసారి ఏ అబ్జెక్షనూ రాకుండా ఉండాలని పక్కాగా రాశాను: "మహమ్మద్ ప్రవక్త మదీనా చేరిన రోజుతో మొదలయ్యే శకం ఏది?" జవాబు హిజ్రీ శకం (హిజ్రా అంటే వలస). ఆ అమ్మాయి అప్పటికి ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌కు చదువుకుంటోంది. గోడ మీద పేపరు చూసి స్టాఫ్ రూముకు వచ్చింది.

"సార్, హిజ్రీ ఒకటో తేదీ ముహర్రం ఒకటి. అంటే 622 జులై 16. ప్రవక్త మదీనా చేరింది రబీవుల్ అవ్వల్ నెలలో, అంటే సెప్టెంబరు. ఆ ఏడాదితో మొదలవుతుంది గానీ ఆ రోజుతో కాదు సార్."

ఎర్ర పెన్ను తీసుకుని 'రోజు' కొట్టేసి 'సంవత్సరం' అని రాశాను. మార్కు కోసం కాదని ఈసారి చెప్పలేదు.